ఏ శాఖకూ చెందని వైరస్

జిల్లా పశువైద్యశాలలో పిల్లికి మందు వేసే ముందు దాని ఒంట్లోని వైరస్‌ను బయటికి పిలిచి, కుర్చీ వేసి, వంశం అడుగుతారు. ఎ శాఖదైతే ఎడమ గది, బి శాఖదైతే కుడి గది. శాఖ తేలేదాకా పిల్లి వరండాలో ఉంటుంది.

బీడీలు చుట్టే ఖైరున్నీసా తన పిల్లి మోతీని కొంగులో చుట్టుకుని వచ్చింది. చిగుళ్లు పుండ్లుపడి మోతీ పాలు కూడా ముట్టడం లేదు. దాని వైరస్ లోపలికెళ్లి కూర్చుంది. టీ ఇచ్చారు.

"తమరిది ఏ శాఖండీ?" అన్నాడు వర్గీకరణాధికారి దివాకరరావు.

"ముందు సగం ఎ, వెనక సగం బి" అంది వైరస్, కాస్త మొహమాటంగా.

అలాంటి దానికి గది లేదు. తేల్చడానికి నిపుణుల సంఘం వేశారు. అది మాది కాదని ఎ శాఖ వైరస్‌లు లేచిపోయాయి. బి శాఖవి దాని పక్కన కూర్చునేది లేదన్నాయి. నిపుణులు రోజూ వచ్చి వాదించుకున్నారు. ఖైరున్నీసా రోజూ వచ్చి, తడిగుడ్డతో మోతీ నోరు తుడుస్తూ వరండాలో కూర్చుంది.

ఒకరోజు మోతీ కళ్లు తేలేసింది. ఆమె తలుపు తోసుకుని వెళ్లి పిల్లిని బల్ల మీద పెట్టింది. టీ కప్పులు దొర్లాయి.

"కండ్లు లేవా సారూ మీకు? సంపేదానికి కుర్సీ ఏసి మర్యాద జేస్తిరి. సచ్చేదాన్ని బయట బండ మీద పండవెడ్తిరి. థూ!"

"పిల్లులు మా పరిధిలోకి రావమ్మా" అన్నాడు దివాకరరావు, బల్ల తుడిపిస్తూ.

ఆ తుడుస్తున్న బల్ల మీదే మోతీ చచ్చిపోయింది. ఖైరున్నీసా దాన్ని మళ్లీ కొంగులో చుట్టుకుంది. ఏడవలేదు. పళ్లు కొరుకుతూ నిలబడిపోయింది.

వైరస్ నిలువనీడ లేనిదైంది. విచారణ ఆగకూడదు కనుక దివాకరరావు వరండాలోకి వచ్చి, టీకా కోసం తెచ్చిన ఒక ఆరోగ్యమైన పిల్లిలో దానికి చోటు కేటాయించాడు.

ఆ పిల్లి యజమాని శేషగిరి లేచి నిలబడ్డాడు. "ఏ శాఖదండీ?"

"ఇంకా తేలలేదు."

"అయితే మాకొద్దండీ" అన్నాడతను గట్టిగా. "మాది పద్ధతైన ఇల్లు. అచ్చమైన ఎ ఉంటే ఇప్పించండి."

వరండాలో అందరూ తమ పిల్లులను ఎత్తుకుని అతని వెనక వరస కట్టారు.