కరువు మొక్కకు రోజూ బిందెడు

ఎడారిలో నగరం కట్టడం గొప్పేం కాదు. నీళ్లే లేని చోట నీటి శాఖను, దానికి నాలుగంతస్తుల మేడను, మేడ ముందు ఫౌంటెన్‌ను నిలబెట్టడమే నాగరికత. (ఫౌంటెన్ ఆడదు. ఆడాలని నియమం లేదు.) ఆ లెక్కన మన దర్జీ ఉంటున్న నగరం ఎవరికీ తీసిపోదు.

దర్జీకి కావలసింది ఒక్క కుళాయి. అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి, భార్యకి ఏడో నెల. వీధి చివరి పంపు నుంచి బిందెలు మోసేది తనొక్కడే. ఇంకో రెండు నెలల్లో పసిబిడ్డకు స్నానాలంటే ఎలాగని ఆ మనిషికి రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు.

నీటి శాఖకు వెళ్లి కుళాయి అడిగితే, అక్కడి హరిత విభాగాధికారి దర్జీ చేతిలో ఓ తొట్టి పెట్టాడు. అందులో ఎడారి గులాబీ. అడుగున ఉబ్బిన కాండం, దళసరి ఆకులు. తొట్టికో రేకు బోర్డు: "కరువును తట్టుకొను మొక్క. నీళ్లు పోయరాదు."

"ఇది పూస్తే కుళాయికి మీరు అర్హులండీ. చస్తే మీ దరఖాస్తు కూడా చచ్చినట్టే," అన్నాడు మర్యాదగా.

మర్నాడు పొద్దున్నే ట్యాంకరు వచ్చింది. అది అదే శాఖలోని మొక్కల దాహ నివారణ విభాగం వారిది. మొక్క ఏదైనా రోజూ బిందెడు పోయాలని వాళ్ల నియమం.

"అన్నా, బోర్డు చూడన్నా! నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది," అని దర్జీ అడ్డుపడ్డాడు.

"బోర్డు హరిత విభాగంవాళ్లది. నాది దాహం."

"పోనీ ఆ బిందెడూ మా బిందెలో పొయ్యి."

"మనుషులకు పోస్తే నా ఉద్యోగం పోతుంది. మొక్కకు పోస్తే మొక్కేగా పోయేది," అని ట్యాంకరు మనిషి ధారాళంగా పోసి వెళ్లాడు.

వారం తిరక్కుండా ఆకులు పసుపెక్కాయి. భార్య కాండాన్ని వేలితో నొక్కి, "ఏవండీ, మెత్తబడుతోందండీ," అంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దర్జీకి ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు మంచం మీంచే విసుక్కుంది. "ఊరందరికీ బట్టలు కుడతావు. దానికో చొక్కా కుట్టలేవా బాబూ?"

దర్జీ టేపు తీశాడు. మొక్క మెడ కొలత, నడుం కొలత రాసుకున్నాడు. పాత రెయిన్‌కోటు కత్తిరించి, మెడ దగ్గర బిగుతుగా, కింద వెడల్పుగా ఘేరు వచ్చేలా తొట్టినంతా కప్పే గౌను కుట్టాడు. అంచును ఓ బేసిన్‌లోకి దించాడు. ట్యాంకరు మనిషి గౌనును ఎగాదిగా చూశాడు. "నేను మొక్క మీదే పోస్తాను. ఆ తర్వాత ఎటు పోవాలో నీళ్ల ఇష్టం," అన్నాడు.

మొక్క కోలుకుంది. ఇంట్లోకి రోజూ బిందెడు నీళ్లొచ్చాయి. నెల తిరిగేసరికి గులాబీ రంగు పూలూ వచ్చాయి. ఆ రోజు దర్జీ మిషన్ తొక్కుతూ ఈల కూడా వేశాడు.

అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసి గౌను విప్పి దాచారు. ఆయన పూలు చూసి ముగ్ధుడయ్యాడు.

"నీళ్లేమైనా పోశారా?"

"ఈ నెల రోజుల్లో వేరుకు చుక్క తగలనివ్వలేదు సార్," అన్నాడు దర్జీ. అది అక్షరాలా నిజం.

అక్కడితో ఆగితే బాగుండేది. కుళాయి త్వరగా వస్తుందన్న ఆశతో అత్తగారు అందుకుంది. "మొక్క సంగతి సరే నాయనా, మా సంగతి చూడు. ఇన్నేళ్లుగా మేమూ దానిలాగే కుళాయి లేకుండా బతుకుతున్నాం."

అధికారి కళ్లు మెరిశాయి. అత్తగారిని, దర్జీని చూశాడు. భార్య కడుపును మరికాస్త ఎక్కువసేపు చూశాడు. "ఈ పరిస్థితుల్లో కూడా వృద్ధి! శభాష్," అని దర్జీ చేయి పట్టుకుని ఊపి వెళ్లాడు. ఆ రాత్రి ఇంట్లో పుట్టబోయే బిడ్డ స్నానాలకు కుళాయి ఎక్కడ బిగించాలన్నదాని మీద చిన్న గొడవ కూడా జరిగింది.

మర్నాడు శాఖ మనిషి వచ్చాడు. చేతిలో గొట్టం లేదు, సుత్తి ఉంది. ఎడారి గులాబీని మేడ ముందు ప్రదర్శనకు పెడతామని పట్టుకెళ్తూ, దాని రేకు బోర్డును మాత్రం దర్జీ గుమ్మం మీద మేకులతో కొట్టాడు. మొక్క లేని ఇంటి ముందు ఇక ట్యాంకరు ఆగలేదు.

బోర్డులో "మొక్క" అన్న చోట రంగు పూసి "కుటుంబం" అని రాశారు. మిగతాది మార్చాల్సిన అవసరం రాలేదు.