నాల్గవ ప్రకరణ తృతీయ పేరా విజయము

స్వస్తిశ్రీ! వల్తావా నదీ శీతలమారుత వీజ్యమానంబగు ప్రాగ్ మహానగరంబున, నవంబరు మాసంబున, గురువారమునాడు, ఉదయం పది గంటలకు, కిటికీ యొక్కటియు లేని హోటలు నేలమాళిగలో, ముందున్న మూడు వరుసలను శత్రుభూమివలె విడిచిపెట్టి వెనుకగోడ కతుక్కుని కూర్చున్న నలభైముగ్గురు మహారథులు, ఒళ్ళో ల్యాప్‌టాపులను డాళ్ళుగా నిలిపి, పాత సభల్లో పంచిపెట్టిన టీషర్టులను కవచములుగా దాల్చి, తలలు వంచుకొని యుండిరి. ఏల వంచుకొనిరందురా? అధ్యక్షురాలైన ఐర్లండు వనిత డెర్వ్లా "మినిట్స్ ఎవరు రాస్తారు?" అని అడిగింది మరి. లోకంలోని ఇంటర్నెట్టంతటికీ నియమాలు రాసే ఈ ఉద్దండులు ఆ ప్రశ్న వింటే మాత్రం భూమిలోకి కుంగిపోతారు. రాసేవాడు దొరికేదాకా సభ మొదలుకాదు. నాకు సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చి తల పైకి లేచింది.

"థాంక్స్! నువ్వే రాస్తున్నావ్," అంది డెర్వ్లా.

ఖర్మ! ఆ విధంబున నేను ఈ మహాసంగ్రామమునకు వందిమాగధుడ నైతిని.

ఇక కథానాయికను వినుడు. సప్తవర్షదీక్షాబద్ధ, అష్టాదశముసాయిదాభంగవిదారితహృదయ, ఏకోనవింశతితమ ముసాయిదాధారిణి, హాంబర్గు పురవాసిని ఇల్సే! ఆమె తపస్సంతా ఒక్క పటము కొరకు. మన ఫోనుకు ఒక సినిమా కావాలంటే, పక్కవీధిలో ఉన్నదాన్ని వదిలేసి సముద్రాల అవతలి నుంచి మోసుకొస్తుంది. పాపం, దానికి దారులు తెలియవు. దారులన్నీ తెలిసిన నెట్‌వర్కేమో నోరు విప్పదు. ఆ నెట్‌వర్కు నోరు విప్పి, "ఇటు దగ్గర, అటు దూరం, అదిగో అక్కడ రద్దీ" అని పటము గీసి అప్లికేషన్లకు చూపించాలి, చూపించే తీరు జగత్తంతటా ఒకేలా ఉండాలి. ఇంతే ఆమె కోరిక. దీనికి ఏడేళ్ళు పట్టింది.

అంతయు నొప్పుకొనిరి గాని నాల్గవ ప్రకరణంలో మూడో పేరా దగ్గర బండి దిగబడిపోయింది. పటానికి గడువు తీరిపోతే ఏం చేయాలి? "గడువు తీరిన పటము వాడరాదు" అని ఇల్సే రాసింది. కాదు, "వాడకుండుట మంచిది" అని రాయాలన్నాడు ప్రతినాయకుడు. రెండింటికీ తేడా ఏముందని తేలిగ్గా తీసిపారేయకండి. మా శాసనాల్లో "రాదు" అంటే రాదంతే, మీరినవాడు కులభ్రష్టుడు. "మంచిది" అంటే పెద్దల సలహా, అంటే ఎవడూ వినడు.

ఈ వాక్యం ఇవాళ తేలకపోతే ఈ పటం పనికని పెట్టిన మా బృందాన్నే మూసేస్తానని డెర్వ్లా మార్చిలోనే చెప్పేసింది. మూస్తే ఇల్సే ఏడేళ్ళు గంగపాలే. అది చాలదన్నట్టు దైవమేమి చేసెనో చూడుడు! జలుబు చేసి ఆమె గొంతు దాదాపుగా పోయింది. గొంతు పోయినవాడు మా సభలో ఆయుధం పోయినవాడే. ఎందుకంటే ఇక్కడ వోట్లు లేవు, చేతులెత్తడాలు లేవు. ఒప్పుకున్నవాళ్ళు పెదవులు బిగించి "ఉమ్‌మ్‌మ్" అని హుంకరించాలి. తర్వాత ఒప్పుకోనివాళ్ళు హుంకరించాలి. ఏది గట్టిదో అధ్యక్షురాలి చెవి తేలుస్తుంది. కొత్తవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను, పన్నెండేళ్ళ కిందట.

చర్చ మొదలై నలభై నిమిషములు గడిచెను. అంతట తలుపు ధడాలున తెరుచుకొనెను. శ్వేతశ్మశ్రువిరాజితుండును, సప్తతిసభాసమరధురంధరుండును, మైకు ముందు నిలిచిన మరల కదలని మహామేరువును అగు మన ప్రతినాయకుడు, ఫిన్లండు వృద్ధవీరుడు ఔలిస్, ఒక చేత వసారాలోని టీబల్ల మీద దొరికిన బిస్కెట్లును, మరొక చేత మడతలు చిరిగిన హోటలు పటమును ధరించి, నవంబరు చలిలో చెమటలు కక్కుచు ప్రవేశించి, గోడ మీద ఏదో మీట నొక్కి, రొప్పుతూ తిన్నగా మైకు దగ్గరకు పోయెను.

"ఔలిస్ కల్లెలా," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా అందరికీ తెలిసిన పేరే అయినా మైకు ముందు పేరు చెప్పి తీరాలి. "ఏమయ్యా, వాడరాదేంటి, వాడరాదు! పటం పాతదైతే చించి పారేసి దిక్కు తెలీకుండా తిరగమంటారా? అసలు లేనిదానికంటే పాతది నయం కాదూ? ఇదిగో, ఈ హోటలు పటం చూడండి. ఇక్కడ సభ జరిగిన ప్రతిసారీ నా జేబులో ఇదే. మీలాగా ఫోను పట్టుకుని కారిడార్లలో గింగిరాలు తిరిగానా ఎప్పుడైనా? అప్లికేషన్‌కీ బుర్రుంటుంది. దాన్ని ఆలోచించుకోనివ్వండి!"

సభ గుసగుసలాడెను. ఇల్సే లేచి, మైకు ముందు నిలిచి, ఏడేళ్ళ వాదనను ఒక్క ఊపిరిలోకి కూడదీసుకుని నోరు తెరిచింది. "కిచ్" మంది.

"గట్టిగా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. వాడి నోరు పడిపోను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి కూర్చుండిపోయింది.

"సరే, హుంకారం తీసుకుందాం," అంది డెర్వ్లా. "వాడరాదు అనేవాళ్ళు?"

లేచెను హుంకారము! లేచెనే గాని, సగంమంది ఈమెయిళ్ళలో మునిగి ఉన్నందున నీరసముగా లేచెను.

"మంచిది అనేవాళ్ళు?"

ఆహా, ఏమి ఘోరము! అంతకు రెట్టింపు బలముతో, గంభీరముగా, మధ్యలో ఊపిరైనా తీసుకోకుండా, నేల అదురునట్లు ప్రతిహుంకారము వినవచ్చెను. ఇల్సే చేతుల్లో మొహం దాచుకుంది. డెర్వ్లా కళ్ళజోడు తీసేసింది.

"ఏకాభిప్రాయం లేదు. సారీ ఇల్సే. ఇక బృందం..."

"ఆవంవి!" అని ఔలిస్ చేయెత్తాడు. నోట్లోది గబగబా మింగాడు. "ఆగండి, ఆగండి! నేను హుంకరించలేదు. నోట్లో బిస్కెట్టుంది."

"అయితే?"

"అడ్డం చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే కదా! మరి ఎవరు హుంకరించినట్టు?"

శత్రువైననేమి, వీరుడన్న అట్లుండవలె! మహారథులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హుంకారం ఇంకా వినిపిస్తూనే ఉంది. నలభైమూడు తలలూ మెల్లగా పైకప్పు వైపు లేచాయి.

"నవంబరులో ఏసీ ఎవరు వేశారండీ బాబూ!" అంది డెర్వ్లా.

"నేనే," అన్నాడు ఔలిస్, నసుగుతూ. "చెమటలు పట్టాయని..."

ఏసీ ఆపేశారు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, కూర్చున్న చోటి నుంచే, ఇల్సే బొంగురుగొంతు పలికింది.

"చెమటలెందుకు పట్టాయి, ఔలిస్ గారూ?"

"మూడంతస్తులు ఎక్కి, ఆలస్యమైందని పరుగున దిగాను కదమ్మా."

"ఎందుకెక్కారు?"

"ఈ గది పైన ఉందనుకుని... తలుపు తీస్తే లోపల పళ్ళ డాక్టర్ల సభ. వెంటనే లేచొస్తే బాగుండదని అరగంట కూర్చున్నా."

"పైన ఉందని ఎవరు చెప్పారు?"

వృద్ధవీరుడు చేతిలోని కాగితం వంక చూశాడు.

"దాని కింద ఏదో రాసుంది. చదవండి," అంది ఇల్సే.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. "'ఈ సభావారమునకు మాత్రమే చెల్లును,'" అని చదివాడు. "తేదీ... ఎనిమిదేళ్ళ కిందటిది."

సభ ఘొల్లుమంది. ఈమెయిళ్ళవాళ్ళు కూడా ల్యాప్‌టాపులు మూసి నవ్వారు. ఔలిస్ మొదట ఎర్రబడి, తర్వాత గడ్డం ఊగేలా అందరికంటే ఎక్కువగా నవ్వాడు.

"మళ్ళీ తీసుకుంటున్నా," అంది డెర్వ్లా. "వాడరాదు అనేవాళ్ళు?"

అన్నిటికంటె ముందుగా, అన్నిటికంటె దిగువ స్థాయిలో లేచిన హుంకారము ఔలిస్‌దే! దానివెంట నలభైరెండు హుంకారములు, వాటి నడుమ ఇల్సే గొంతులోంచి సన్నని కీచు. దాన్ని నేను చెవులారా విన్నాను. మినిట్స్ రాసేవాడు ఏడవకూడదని నియమమేదీ లేదు గనక కళ్ళు తుడుచుకున్నాను.

"మంచిది అనేవాళ్ళు?"

నిశ్శబ్దం.

"తేలిపోయింది! సభకు రానివాళ్ళ కోసం ఈమెయిలు లిస్టులో కూడా ఇంకోసారి అడుగుదామనుకోండి," అంది డెర్వ్లా. అందరూ ఉసూరుమన్నారు. అది హుంకారం కింద లెక్కకు రాదు.

ఔలిస్ ఇల్సే దగ్గరకొచ్చాడు. "పద, ఇవాళ కుడుముల భోజనం పెడుతున్నారట. భోజనాల హాలు ఎటో నాకు..." అంటూ అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టాడు. ఆగాడు. కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే ముందు నడు తల్లీ."

ఇట్లు సప్తవర్షములు, పందొమ్మిది ముసాయిదాలు, ఒక జలుబు, ఒక బిస్కెట్టు, ఒక శీతలయంత్రము పాలుపంచుకొన్న ఈ మహారణంబున, నాల్గవ ప్రకరణ తృతీయ పేరాలో "మంచిది" నేలగూలెను. "రాదు" అను రెండక్షరములు ఆచంద్రతారార్కము, కాకున్న ఇరవయ్యో ముసాయిదా వచ్చువరకైనను, నిలిచెను. జయ జయ! అని మినిట్స్‌లో రాసితిని. తప్పులుంటే లిస్టుకు రాయండి.