ఎర్మీనియా వెనకాల వరస

ఆదివారం ఉదయం ఆరింటికే ఎవేలియో తన అత్తగారు ఎర్మీనియాను ఓల్గీన్ ఊరి బజారు మూలన, మూసి ఉన్న కొట్టు మెట్టుమీద కూర్చోబెట్టాడు. సముద్రం ఊరికి గంటన్నర దూరమే అయినా డెబ్బై తొమ్మిదేళ్ళలో ఆవిడ దాన్ని చూడలేదు. కళ్ళలో పొరలేమో నెలనెలా దట్టమవుతున్నాయి. మంగలి ఎవేలియో మూడుసార్లు తీసుకెళ్తానని చెప్పి మూడుసార్లూ బండి దొరక్క చేతులెత్తేశాడు. ఇవాళ మాత్రం స్నేహితుడి లారీ ఏడింటికి వస్తుంది.

"ఈసారీ కుదరకపోతే సముద్రం ఎలా ఉంటుందో నోటితో చెప్పెయ్ అల్లుడూ. ఊహించుకుని పోతాను" అంది ఎర్మీనియా.

"అవేం మాటలు అత్తయ్యా! కాఫీ పట్టుకొస్తాను, కదలకండి."

అతను అటు వెళ్ళగానే సంచీ పట్టుకుని ఒకావిడ వచ్చింది. "చివర ఎవరు?" అంది. ఆ ఊళ్ళో ఎక్కడ మనిషి ఆగి కనిపించినా ముందు అడిగే మాట అదే. జన్మంతా వరసల్లో నిలబడ్డ ఎర్మీనియా నోరు దానంతటదే "నేనే" అనేసింది. సంచీ ఆవిడ ఆమె వెనకాల చేరింది. ఆవిడ వెనకాల ఇంకొకాయన. దేనికోసమని ఎవరూ అడగలేదు, అడిగితే మరీ అమాయకుల్లా కనిపిస్తామని.

ఎవేలియో కాఫీతో వచ్చేసరికి వరస వీధి మలుపు తిరిగిపోయింది. ముందువాళ్ళు కోడిమాంసమంటున్నారు, మధ్యవాళ్ళు నూనె, చివరివాళ్ళు సబ్బులు.

"ఇక్కడేం ఇవ్వట్లేదు బాబూ! మా అత్తగారు ఊరికే కూర్చుంది!"

"అబ్బో, తెలివి! మమ్మల్ని పంపించేసి కోళ్ళన్నీ నువ్వే పట్టుకుపోదామనా?" అంది సంచీ ఆవిడ.

అప్పుడే వచ్చిన లారీ స్నేహితుడు ఆ జనాన్ని చూసి ఏదో గొడవనుకుని బండి తిప్పేసుకున్నాడు. ఎవేలియో దాని వెనక మూడు వీధులు పరుగెత్తి, కాఫీ చొక్కామీద ఒలకబోసుకుని తిరిగొచ్చాడు. అత్తగారి ముఖంలోకి చూడలేకపోయాడు. ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో పసుపు యూనిఫాం అమ్మాయి వచ్చింది. ఖాళీగా పోయే సర్కారు బండ్లను ఆపి జనాన్ని ఎక్కించడం ఆమె ఉద్యోగం. "ఇంతమందీ ఎక్కడికి?" అని మొదట ఉన్న ఎర్మీనియాను అడిగింది.

"సముద్రానికి" అంది ముసలావిడ, ఉన్నమాటే.

అమ్మాయి గ్వార్దలవాకా తీరానికి పోతున్న ఖాళీ బస్సును ఆపేసింది. వరసంతా ఎక్కేసింది. చేతికొచ్చిన వంతు వదులుకునే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. ఎవేలియో కాలు పెట్టబోతే మాత్రం "నీ వంతేదీ?" అని నలభైమందీ ఒక్కసారే లేచారు.

"మా అల్లుడే, నా వెనకాలే ఉన్నాడు!"

"లేడు మామ్మా, అబద్ధం!"

చివరికి తలుపు పట్టుకుని వేలాడుతూ వెళ్ళాడు.

కొండ దిగగానే నీళ్ళు కనిపించాయి. బస్సు ఇసుక పక్కన ఆగింది. ఎర్మీనియా చెప్పులతోనే మోకాళ్ళ లోతుకు నడిచింది. కంటి పొరలు కప్పేసేంత చిన్నది కాదది.

"అవతలి ఒడ్డేది అబ్బాయ్?"

"కనపడదు అత్తయ్యా."

"ఎవరికీనా?" అంది. వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని "అమ్మో!" అంది. పక్కన సంచీ ఆవిడ కోళ్ళ సంగతే మరిచిపోయి, నోరు తెరుచుకుని నిలబడింది.

సాయంత్రం డ్రైవరు హారన్ కొట్టాడు. పొద్దున వంతుకోసం కొట్టుకున్నవాళ్ళే ఇప్పుడు "ముందు మీరెక్కండి", "అబ్బే, మీరే" అని మర్యాదలు పోతున్నారు.

"అత్తయ్యా, అదుగో బస్సు. మొదటి వంతు మీదే."

"బస్సా? నా కళ్ళకేం కనిపిస్తుంది నాయనా" అంది ఎర్మీనియా, దూరాన పడవలో ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతూ.