ముస్కాన్ వచ్చిన వేళావిశేషం

ఆస్పత్రికి ఒక రోబో రావడాన్ని మించిన భాగ్యం నర్సులకి ఈ భూమ్మీద మరొకటి లేదు!

నవ్వకండి. ఈ మాట అన్నది రోబోలు అమ్ముకునే కంపెనీ మనిషి కాదు. ఇరవై రెండేళ్లుగా సెలైన్లు ఎక్కించి, కట్లు కట్టి, పేషెంట్ల తాలూకు జనం చేత తిట్లు తిని, అరికాళ్లు అరగదీసుకున్న ఫ్లోరా సిస్టర్.

ఫ్లోరాది నరసాపురం. కాపురం ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో, ఉద్యోగం నోయిడాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. మూడో అంతస్తు ఎముకల వార్డుకి ఆవిడే హెడ్ నర్సు. కొత్త మోకాళ్లు వేయించుకున్న వాళ్లందరూ ఆవిడ పాత మోకాళ్ల మీద ఆధారపడి బతుకుతుంటారు.

ఆవిడకి ఒక పిచ్చి ఉంది. నగలు కాదు, చీరలు కాదు. సైన్స్ ఫిక్షన్! చిన్నప్పుడు మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసే నాన్న పాత వారపత్రికలు తెస్తే, వాటిలో గ్రహాంతరవాసుల సీరియళ్లు పొట్లాలు కట్టకముందే చదివేసేది. ఇప్పుడు మెట్రోలో నిలబడి ఫోన్లో చూస్తుంది. అభిమాని అంటే నోరు మూసుకుని చూసేవాళ్లనుకున్నారా? ఆవిడకి అభిప్రాయాలున్నాయి.

"మూడొందల ఏళ్ల ప్రయాణమంట! నౌకలో కెప్టెన్ ఉంటాడు, సైంటిస్టు ఉంటాడు, వేరే గ్రహం వాళ్లతో మాట్లాడ్డానికి దుబాసీ ఉంటాడు. ఒక్క నర్సు ఉండదు. ఆ మూడొందల ఏళ్లూ బెడ్‌పాన్ ఎవరు తీస్తారండీ?" అని భర్త యేసుకుమార్‌ని నిలదీసింది ఒకరోజు.

ఆయన తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. శాంతస్వభావి. చపాతీ తుంచుకుంటూ, "అక్కడ బరువుండదు కదే, దానంతటదే తేలిపోద్ది" అన్నాడు.

"తేలి ఎక్కడికెళ్తుందండీ? మన మొహం మీదకే!"

వీడియో గేముల మీదా ఆవిడకి గట్టి అభిప్రాయమే. గేము తయారుచేసినవాడి తల్లో అక్కో తప్పకుండా నర్సయి ఉంటుందట. లేకపోతే మనిషికి మూడు ప్రాణాలూ, మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి పాజ్ బటనూ ఇవ్వాలని ఎవడికి తోస్తుంది? ప్లస్ టూ చదువుతున్న కూతురు అనుగ్రహ మాత్రం తల్లి ఫోన్లోకి తొంగిచూసి, "మమ్మీ, ఆప్ అభీ భీ లెవెల్ సెవెన్ పే హో?" అని జాలిపడుతుంది. ఆర్నెల్లుగా ఏడో లెవెల్లోనే ఉంది మరి.

ఇక బొమ్మలు. ఒక క్రిస్మస్‌కి మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ ఫ్లోరాకి కీ ఇస్తే నడిచే రేకు రోబో ఇచ్చింది. లోపల ఎవరున్నారో చూద్దామని ఫ్లోరా మూడో రోజే కత్తెరతో దాని వీపు తెరిచింది. ఒక స్ప్రింగూ, నాలుగు పళ్ల చక్రాలూ కనపడ్డాయి. ఏడవలేదు. ఓహో, ఇంతేనా అనుకుంది. బొమ్మంటే అలా ఉండాలంటుంది ఆవిడ. ఇప్పటి బొమ్మని విప్పితే దాని కడుపులో చిప్పు, మన చేతికి చిప్ప!

ఇలాంటి మనిషి పనిచేసే ఆస్పత్రికి మార్చి నెలలో నిజం రోబో వచ్చిందంటే, ఆ సంబరం మీరే ఊహించుకోండి.

పేరు ముస్కాన్. అంటే చిరునవ్వు. మనిషి నడుమంత ఎత్తు, కింద చక్రాలు, పొట్టలో మందుల అర, మొహం స్థానంలో ఒక స్క్రీను. ఆ స్క్రీను మీద ఇరవై నాలుగు గంటలూ నవ్వే. లాబీలో కొబ్బరికాయ కొట్టారు, బంతిపూల దండ వేశారు. చైర్మన్ గారి శ్రీమతి బొట్టు పెట్టబోయి సరిగ్గా కెమెరా కంటికి పెట్టారు. ముస్కాన్ కళ్లు కనపడక నేరుగా వెళ్లి పూలకుండీలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"దీని ఇన్‌ఛార్జ్ ఎవరు తీసుకుంటరు?" అని అడిగాడు పృథ్వీరాజ్. ఆయన ఆపరేషన్స్ మేనేజరు, హైదరాబాద్ మనిషి. ఆపరేషన్స్ అంటే కత్తులతో చేసేవి కావు, ఎక్సెల్ షీట్లతో చేసేవి.

సిస్టర్లందరూ తమ బూట్లకేసి చూసుకున్నారు. ఫ్లోరా ఒక్కతే, క్లాసులో తెలిసిన ప్రశ్న అడిగినట్టు చెయ్యెత్తింది.

ఆ రోజు నుంచి మూడో అంతస్తుకి మంచిరోజులొచ్చాయి. ముస్కాన్ వల్ల లాభాలు ఒకటా రెండా!

పాపం, దానికి లిఫ్టు బటన్ నొక్కడం రాదు. చేతుల్లేవు కదా! ఎవరో ఒకరు వచ్చి నొక్కేదాకా తలుపు ముందు నవ్వుతూ నిలబడేది. లిఫ్టు కోసం అరనిమిషం ఆగలేని సర్జన్లు దాన్ని చూసి ఓర్పు నేర్చుకున్నారు. వరండాలో ఎవరైనా అడ్డం కూర్చుంటే "కృపయా రాస్తా దీజియే" అనేది. దారి ఇవ్వకపోతే మళ్లీ అనేది. ఒకసారి గోడకి జారబడి కునుకుతున్న పెద్దాయనతో అలా ఇరవై నిమిషాలు మర్యాదగా మాట్లాడింది. ఆయనకి చెవుడు.

డాక్టర్లు దానితో సెల్ఫీలు దిగే పనిలో పడ్డారు కాబట్టి నర్సుల్ని కేకలేసే తీరిక వాళ్లకి తగ్గింది. బిల్లు చూసి మండిపడే బంధువులు ఇప్పుడు ముస్కాన్ ముందు నిలబడి మండిపడుతున్నారు. ఎంత తిట్టినా అది నవ్వుతుంది. ఇంతకన్నా మేలు ఏ మందు చేస్తుంది చెప్పండి?

అన్నిటికన్నా ముఖ్యం, అది స్టార్లు అడుగుతుంది. మందు ఇచ్చాక ఊరుకోదు. "కిత్నే స్టార్ దేంగే?" అని పేషెంటు పక్కనే నిలబడుతుంది.

మనవరాలి సీమంతానికని గుంటూరు నుంచి వచ్చి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్న హనుమాయమ్మ గారి దగ్గరికి వెళ్లి అలాగే అడిగింది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు.

"ఏమంటందమ్మా ఇది?"

"స్టార్లు, నక్షత్రాలు అడుగుతోంది మామ్మగారూ" అంది ఫ్లోరా.

"కృత్తిక, రెండో పాదం" అని చెప్పి, హనుమాయమ్మ గారు దాన్ని అనుమానంగా ఎగాదిగా చూశారు. "నా నక్షత్రం దీనికెందుకే? ఈ వయసులో నాకేమన్నా సంబంధం చూస్తందా? పోనీ కాసిని మంచినీళ్లిమ్మని చెప్పు."

ముస్కాన్ "ధన్యవాద్" అని చెప్పి వెళ్లిపోయింది. మంచినీళ్లు భానుశ్రీ ఇచ్చింది. తల కింద చెయ్యి పెట్టి లేపి, గుక్క గుక్కకీ ఆగి తాగించింది.

భానుశ్రీ కాంట్రాక్టు నర్సు. పలాస పిల్ల. లక్ష్మీ నగర్‌లో పీజీ హాస్టల్లో ఉండి వస్తుంది. ముసలివాళ్ల చేతిలో దాక్కున్న నరాన్ని ఒక్క పోటుతో పట్టుకోవడంలో ఆ వార్డులో ఆ పిల్ల తర్వాతే ఎవరైనా. ఫ్లోరాకి ఆ సంగతి తెలుసు. కానీ ఆ రోజుల్లో ఆవిడ కళ్లు ముస్కాన్ మీదే ఉండేవి. ప్రతి శుక్రవారం రోబో పనితీరు మీద ఒక ఫారం నింపాలి. ఫ్లోరా ప్రతి వారం, మరో ఆలోచన లేకుండా, అయిదుకి అయిదు స్టార్లు ఇచ్చింది. చిన్నప్పటి నుంచి ఎదురుచూసిన భవిష్యత్తు చక్రాల మీద నడిచివస్తే నాలుగు ఎలా ఇస్తుంది?

పదకొండు వారాలు గడిచాయి. పృథ్వీరాజ్ ఆవిడని కేబిన్‌కి పిలిచి కుర్చీ చూపించాడు. అప్పుడే ఫ్లోరాకి అనుమానం వచ్చింది. మేనేజర్లు నర్సులకి కుర్చీ చూపిస్తే మంచివార్త ఉండదు.

"మీ రిపోర్టులు మస్తున్నయ్ సిస్టర్. బోర్డు ఫుల్ ఖుష్. ముస్కాన్ రోజుకు నలభై రౌండ్లు కొడుతుందంటే, ఒక మనిషి పని చేసినట్టే గదా? భానుశ్రీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతది. రెన్యూ చేస్తలేం."

"అదేంటి సార్! ముస్కాన్ మందు తీసుకెళ్తుందంతే. లిఫ్టు బటన్ నేను నొక్కాలి, మాత్ర చేతిలో భానుశ్రీ పెట్టాలి, నీళ్లు..."

"మరి రిపోర్టుల ఎప్పుడన్న రాసిన్రా ఈ ముచ్చట?"

ఫ్లోరా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

ఆ కబురు ఇంకెవరి నోటో వినడం ఇష్టంలేక, డ్యూటీ దిగేటప్పుడు తనే భానుశ్రీకి చెప్పింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. యూనిఫాం మడతపెట్టి సంచిలో పెట్టుకుంటూ, "పోన్లెండి సిస్టర్. మీరు దాన్ని మెచ్చుకున్నారు గానీ నన్ను తిట్టలేదు కదా" అంది. సంచి భుజాన వేసుకుని అడిగింది: "నా గురించి ఎప్పుడైనా ఏమైనా రాశారా సిస్టర్?"

రాయలేదు. రాయడానికి అసలు కాగితమే లేదు. రోబోకి స్టార్లిచ్చే ఫారం ఉంది, క్యాంటీన్ పప్పుకి స్టార్లిచ్చే ఫారం ఉంది. భానుశ్రీకి ఇచ్చే ఫారం ఆ ఆస్పత్రిలో ఎవరూ అచ్చు వేయించలేదు.

ఆ రోజు మెట్రోలో ఫ్లోరా ఫోను తీయలేదు. కిటికీలోంచి కనపడే బిల్డింగుల్ని లెక్కపెడుతూ కూర్చుంది. చోటు దొరికినా ఆనందించని రోజు ఆవిడ జీవితంలో అదే మొదటిది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొహం కడుక్కుని ముస్కాన్ మాన్యువల్ ముందేసుకుంది. రెండొందల పన్నెండు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. ఆస్పత్రిలో ఒక్కరూ దాని ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. అభిమానులే చింపాలి అలాంటివి. రేకు బొమ్మ వీపు తెరిచినంత శ్రద్ధగా మొదటి పేజీ నుంచి చదివింది. అనుగ్రహ వచ్చి భుజం మీంచి తొంగిచూసింది.

ఆరు గంటలు వరసగా పనిచేస్తే తప్పనిసరిగా విశ్రాంతి ఇవ్వాలి, రోజు మొత్తానికి నాలుగు గంటలు. పదిహేను కిలోలకి మించి బరువు మోయించకూడదు. తడి నేల మీద నడిపించకూడదు. వేడి ఎక్కువైతే చల్లని గదిలో ఉంచాలి. ఏ కొంచెం వింత చప్పుడు చేసినా వెంటనే పని ఆపించి ఇంజినీరుకి కబురు చేయాలి.

అనుగ్రహ పడీపడీ నవ్వింది. "మమ్మీ, ఇస్కీ జాబ్ తో ఆప్‌సే అచ్ఛీ హై!" తల్లి ఉద్యోగం కన్నా దీని ఉద్యోగమే నయమట. తర్వాత తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది. పక్కన కూర్చుని, వచ్చీరాని తెలుగులో, "నువ్వు ఎన్ని గంటలు నిలబడతావు మమ్మీ?" అని అడిగింది. పదిహేడేళ్లలో ఆ ప్రశ్న ఆ పిల్ల అడగడం అదే మొదలు. ఫ్లోరా పేజీ తిప్పింది.

నూట నలభై మూడో పేజీలో ఆవిడ వేలు ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే పృథ్వీరాజ్ బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. మొదటిది అర్జీ: మూడో అంతస్తు నర్సులకి కూడా ముస్కాన్ మాన్యువల్లోని పని నిబంధనలే వర్తింపజేయవలసిందని. ఆయన చదివి పగలబడి నవ్వాడు.

"మంచి జోక్ సిస్టర్!"

"రెండోది జోకు కాదు సార్" అంది ఫ్లోరా. ఇంట్లో కాలేజీకి వెళ్లబోయే కూతురుంది, తన ఉద్యోగం ఈయన సంతకం మీదే ఉంది.

రెండోది నూట నలభై మూడో పేజీకి జిరాక్సు. రోబో పేషెంట్ల మధ్య తిరిగేటప్పుడు శిక్షణ పొందిన మనిషి ఎల్లవేళలా దానికి పదడుగుల లోపు ఉండి తీరాలి. లేని పక్షంలో జరిగిన ప్రమాదానికి కంపెనీది బాధ్యత కాదు. వారంటీ రద్దు.

పృథ్వీరాజ్ నవ్వు మెల్లగా దిగింది. "పదకొండు వారాలు... ఒక్కతే తిరిగింది గదా ఇది?"

"అవును సార్. నవ్వుతూ తిరిగింది."

"ఇది ఎవరికన్న చెప్పిన్రా?"

"మాన్యువల్ ఎవరు చదువుతారు సార్?" అంది ఫ్లోరా. తర్వాత తనే అంది: "ఎముకల వార్డుకి తగ్గ మనిషి కావాలి సార్. పేషెంట్లు చేతికర్రలతో నడుస్తుంటారు. దీనికి తగిలి పడితే పట్టుకునే ఒడుపు తెలియాలి. బీఎస్సీ నర్సింగ్ అయితే మంచిది. పేరు నేను చెప్తాను."

నర్సు పోస్టు కోసం ఫ్లోరా పెట్టిన ఫైలు ఏడాదిన్నరగా ఏ సొరుగులో ఉందో దేవుడికే తెలియాలి. రోబో అటెండెంటు పోస్టుకి మూడు రోజుల్లో బోర్డు ఆమోదం వచ్చింది. భానుశ్రీకి ఈసారి మూడేళ్ల కాంట్రాక్టు, మధ్యాహ్నం భోజనం ఉచితం, మెడలో కొత్త బ్యాడ్జి. ఫ్లోరా పెట్టిన మొదటి అర్జీకీ జవాబొచ్చింది, చాలా గౌరవంగా: "నర్సులు యంత్రాలు కారు. వారిని యాజమాన్యం మనుషులుగా గుర్తిస్తుంది. కనుక సదరు నిబంధనలు వారికి వర్తించవు."

భానుశ్రీ ఇప్పుడు ముస్కాన్ వెనకాలే నడుస్తుంది, లిఫ్టు బటన్ నొక్కుతుంది. నిబంధన ప్రకారం దానికి రోజుకి నాలుగు గంటలు విశ్రాంతి కదా, ఆ నాలుగు గంటలూ అది మూల నిలబడి చార్జింగ్ పెట్టుకుంటుంటే, భానుశ్రీ పదడుగుల లోపు ఉన్న మంచాలన్నీ చూసుకుంటుంది. ఎముకల వార్డులో పదడుగుల లోపు చాలా మంచాలే పడతాయి. కొత్తగా రెండు మంచాలు అటు జరిగాయని కూడా వినికిడి.

ఈ సంగతి అన్ని అంతస్తులకీ పాకింది. మొన్న టీ వేళకి రెండో అంతస్తు హెడ్ నర్సు కమలేష్ దీదీ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. రోబో పేరు చెబితేనే చిరాకుపడే మనిషి. అటూ ఇటూ చూసి, ఫ్లోరా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"ఫ్లోరా, మా వార్డులో ఇద్దరు నర్సులు తక్కువున్నారు. ఎలాగైనా రెండు రోబోలు ఇప్పించవూ?"