రబ్బరు వాషర్ దొరకని వీధి

మనిషికి అవసరమైన వస్తువు ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకని వీధిలో కాపురం ఉండటం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. నేను అలాంటి వీధిలోనే ఉంటున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

మాది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. బీచ్‌కి వెళ్ళే వీధిలో, ఒక పాత మేడ పై వాటాలో నేనూ మా ఆవిడా ఉంటాం. అద్దె ఇల్లే. పెళ్ళయిన కొత్తలో దిగాం, జుట్టు నెరిసేదాకా కదల్లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే రెండు మేడల మధ్య చీరకొంగంత వెడల్పున సముద్రం కనిపిస్తుంది. ఆ కొంగంత సముద్రం కోసమే మా ఆవిడ ఈ ఇంట్లోని లోపాలన్నిటితోనూ సర్దుకుపోయింది, నాతో సహా.

ఒకప్పుడు ఈ వీధి ఎంత అధ్వానంగా ఉండేదో చెబితే మీరు నమ్మరు. కిరాణా కొట్టు, టైలరు, మందుల షాపు, మేకుల మావయ్యగారి హార్డ్‌వేర్ షాపు! ఉప్పు అయిపోయిందని ఇంట్లో కేక వినబడితే, పొయ్యి మీద కూర ఉండగానే ఉప్పు వచ్చేసేది. చొక్కా గుండీ ఊడితే పూట తిరక్కుండా కుట్టించుకునేవాళ్ళం. ఇలా అడిగిందల్లా అడిగిన క్షణంలో దొరికేస్తుంటే మనిషికి ఓర్పు ఎక్కడ అలవడుతుంది? నిగ్రహం ఎక్కడ అలవడుతుంది? మీరే చెప్పండి!

ఇప్పుడు ఆ బెడద లేదు. అన్నీ బొటిక్‌లే. కిరాణా కొట్టు ఉన్నచోట సబ్బుల బొటిక్ వచ్చింది. ఆ సబ్బులు చూస్తే ఒళ్ళు రుద్దుకోవాలనిపించదు, దండం పెట్టాలనిపిస్తుంది. టైలరు ఉన్నచోట బట్టలమ్ముతున్నారు, కొన్ని ముందే చింపి పెట్టారు. మందుల షాపులో ఇప్పుడు ప్రశాంతత అమ్ముతున్నారు. అది చిన్న చిన్న సీసాల్లో వస్తుంది. జ్వరం బిళ్ళ కావాలని అడిగితే, జ్వరాన్ని ప్రేమించమని ఒక సీసా ఇచ్చారు.

మేకుల మావయ్యగారు అద్దె కట్టలేక వెళ్ళిపోయిన చోట కొవ్వొత్తులు వెలిశాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒకదాని పేరు ‘అమ్మమ్మ పెట్టె’. ముచ్చటపడి వాసన చూశాను. మా అమ్మమ్మ పెట్టె అలా ఉండేది కాదు, తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమనేది.

ఇంకో చోట ఇసుక అమ్ముతున్నారు. ఔను, ఇసుకే! అందమైన గాజు సీసాలో పోసి, మెడకి జనపనార తాడు కట్టి పెట్టారు. గుమ్మం దిగి పదడుగులు వేస్తే బీచ్. ఆ ఇసుకనే మా ఆవిడ రోజూ పొద్దున్నే చీపురుతో ఊడ్చి, నా చెప్పుల్ని తిట్టి, బయట పారబోస్తుంది. ఎంత ఆస్తి పారబోశామో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఇక నడక సంగతి. మాది ఇప్పుడు నడక వీధి. బండ్లు రాకూడదు. గ్యాస్ సిలిండర్ అతను వీధి మొదట్లో దించేసి చేతులు దులుపుకుంటాడు. నేను దాన్ని దొర్లించుకుంటూ వస్తుంటే టూరిస్టులు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు. డాక్టరు నన్ను నడవమన్నాడు కదా! సిలిండర్‌తో నడవమనలేదనుకోండి, కానీ ఆయన మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

వీధి అందాల సంఘం అని ఒకటి పెట్టారు. వాళ్ళొచ్చి, బాల్కనీలో లేత రంగు బట్టలే ఆరేయమని మా ఆవిడకి చెప్పి వెళ్ళారు. అప్పట్నుంచి నా ముదురు నీలం లుంగీ బాత్రూంలోనే ఆరుతోంది. ఆరుతోంది అనడం కూడా కొంచెం ఎక్కువే.

ఇంత స్వర్గంలోనూ ఒక చిక్కొచ్చి పడింది. మా బాత్రూంలో, బట్టలుతికే మూలనున్న కుళాయి కారడం మొదలుపెట్టింది.

ఎంత తిప్పినా ఆగదు. చుక్క తర్వాత చుక్క. బకెట్ పెట్టాం. బకెట్‌కి మాత్రం ఏం తెలుసు, నిండగానే పొర్లింది. కింద గచ్చు బీటలిచ్చి ఉంది కదా, ఆ నీళ్ళు బీటలోంచి సరాసరి కింది వాటాలోకి దిగాయి. కింది వాటాలో ఏముంది? ఇంకేముంటుంది, బొటిక్! పట్టు శాలువాలు, ఇత్తడి గిన్నెలు, చెవిపోగులు. చుక్కలు వెతుక్కుని వెతుక్కుని శాలువా మీదే పడ్డాయి.

సాయంత్రానికల్లా ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చాడు. “రైటరుగారూ, కింద శాలువాలు తడిసిపోయాయని షాపావిడ గోల పెడుతోందండీ. ఆదివారంలోగా ఆ కుళాయి ఆపించండి. లేదంటే ఇల్లు ఖాళీ చేసేయండి. అడిగేవాళ్ళు క్యూలో ఉన్నారు.”

“ఇన్నేళ్ళుగా ఉన్నాం కదండీ!” అన్నాను.

“అందుకేనండీ ఇంత మర్యాదగా చెబుతున్నాను” అన్నాడాయన.

ఆయన వెళ్ళాక మా ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. “చూడండీ, నేనీ కిటికీ వదిలి రాను. మీరు కావాలంటే వెళ్ళండి” అంది. మామూలుగా ఆవిడ నన్ను కసురుతూ మాట్లాడుతుంది, నాకు అలవాటే. ఆ రోజు మెల్లగా మాట్లాడింది. నాకు నిజంగా భయం వేసింది.

ప్లంబరుకి ఫోన్ చేశాను. “వాషర్ అరిగిపోయుంటుంది సార్. మీది నడక వీధి కదా, బండి రానివ్వరు. వాషర్ ముక్క కోసం అంత దూరం ఎవడు నడుస్తాడు చెప్పండి? మీరే ఒకటి కొని బిగించేసుకోండి, ఎంతసేపు పని!” అన్నాడు.

“ఎక్కడ కొనమంటావయ్యా?”

“అదేంటి సార్ అలా అడుగుతారు! మీ పక్కనే మేకుల మావయ్య షాపుంది కదా!”

పాపం, మా వీధికొచ్చి చాలా కాలమైనట్టుంది.

బస్టాండు అవతల ఒక హార్డ్‌వేర్ షాపు ఉండాలని గుర్తొచ్చి అక్కడికీ వెళ్ళాను. షట్టరు వేసి, దాని మీద అందమైన అక్షరాలతో ‘త్వరలో’ అని రాసి పెట్టారు. ఏది త్వరలోనో నాకు వేరే చెప్పాలా?

ఇక మిగిలింది మా వీధే. శనివారం పూట కాళ్ళీడ్చుకుంటూ ప్రతి బొటిక్‌లోకీ దూరాను. బొటిక్ వాళ్ళలో ఒక సుగుణం ఉంది. ‘లేదు’ అనే మాట వాళ్ళ నోట రాదు.

“రబ్బరు వాషర్ ఉందా అమ్మా?” అని సబ్బుల అమ్మాయిని అడిగాను.

“ఏ సువాసనలో కావాలి సార్?” అంది.

కొవ్వొత్తుల షాపులో అబ్బాయి నన్ను కూర్చోబెట్టి, చేతికి ఏదో వేడి నీళ్ళు ఇచ్చి, “దాని వెనకాల కథ ఏంటి అంకుల్?” అని అడిగాడు.

“కుళాయి కారుతోంది నాయనా. అంతే కథ.”

“చాలా నిజాయితీ ఉంది అంకుల్ ఇందులో” అని, వచ్చే కలెక్షన్‌లో పెట్టడానికి చూస్తానన్నాడు. నేను కూర్చున్నచోటే ఒకప్పుడు మేకుల మావయ్య వాషర్ల డబ్బా ఉండేది. లేచి వచ్చేశాను.

చివరికి, ఎలాగూ పరువు పోయింది కదా, కింది షాపావిడ కాళ్ళా వేళ్ళా పడి నాలుగు రోజులు గడువైనా అడుగుదామని వాళ్ళ బొటిక్‌లోకే వెళ్ళాను. ఆవిడ లేదు. కొత్తగా చేరిన అమ్మాయి కౌంటర్ దగ్గర ఉంది. వెనక గదిలో మా చుక్కలు పడేచోట ఇత్తడి గిన్నె పెట్టారు. దాని చుట్టూ కొంతమంది తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. నష్టం లెక్కగట్టడానికి వచ్చినవాళ్ళేమో అనుకుని, మొహం చాటేసి అద్దాల బీరువా వైపు తిరిగాను.

తిరిగితే ఏముంది! బీరువాలో, మఖమల్ గుడ్డ మీద, నల్లగా, గుండ్రంగా, మధ్యలో చిల్లుతో రెండు రబ్బరు వాషర్లు! చిల్లుల్లోంచి సన్నటి వెండి కొక్కేలు దూర్చి ఉన్నాయి.

“అవి చాలా స్పెషల్ సార్” అంది ఆ అమ్మాయి. “మూతపడిన ఒక పాత హార్డ్‌వేర్ షాపు నుంచి మా మేడం కాపాడి తెచ్చిన స్టాకు. తేకపోయుంటే ఈపాటికి ఎవరో ఒకరు కుళాయిల్లో బిగించేసేవాళ్ళు!”

“అయ్యయ్యో, ఎంత ఘోరం జరిగిపోయేది!” అన్నాను. “ఒకటి ఇస్తావా తల్లీ?”

“చెవిపోగులు సార్. జతగానే ఇస్తాం.”

ధర ఎంతో ఇక్కడ రాయను. మా ఆవిడ ఈ కాలమ్ చదువుతుంది. ఎండిన పువ్వొకటి పెట్టి, అట్టపెట్టెలో అమర్చి, రిబ్బన్ కట్టి ఇచ్చింది. వాషర్‌కి అంత గౌరవం జరగడం నేనెప్పుడూ చూడలేదు. మేకుల మావయ్య వాటిని పాత పేపరు ముక్కలో చుట్టి విసిరేవాడు, అదీ బేరం లేకుండా. అలాంటివాడు ఈ వీధిలో బతకలేకపోయాడంటే ఆశ్చర్యం ఏముంది?

ఇంటికొచ్చి మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయి తల విప్పి, అరిగిపోయిన పాత వాషర్ తీసి, కొక్కెం ఊడదీసి చెవిపోగు బిగించాను. సరిగ్గా సరిపోయింది! వాల్వు తిప్పాను. మా ఆవిడ నేల మీద చతికిలబడి, కుళాయి మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది.

“ఆగిందండీ!” అంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత మిగిలిన రెండోదాన్ని చెవికి పెట్టుకుని, “బావున్నానా?” అని అడిగింది. ఆవిడ అలా అడిగి ఎన్నాళ్ళయిందో! చాలా బావుందని చెప్పాను, నిజంగానే బావుంది.

ఆదివారం పొద్దున్నే ఓనరు వచ్చాడు. వెనకాలే కింది షాపావిడ. నేను గర్వంగా బాత్రూం తలుపు తెరిచి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు కుళాయిని చూపించాను. ఆవిడ మొహం మాడిపోయింది.

“చుక్క ఎందుకు ఆపేశారండీ?” అంది.

“మీరే కదమ్మా ఆపమన్నారు!”

“అది మొన్న! శాలువాలు పక్కకి జరిపి గిన్నె పెట్టాను కదా, ఆ చప్పుడు వినడానికి జనం వస్తున్నారు. కళ్ళు మూసుకుని నిలబడుతున్నారు. నిలబడ్డవాళ్ళు ఊరికే పోవడం లేదు, ఏదో ఒకటి కొనుక్కుని పోతున్నారు. ఈ పొద్దున షాపు తెరిస్తే గిన్నెలో చుక్క లేదు. వచ్చినవాళ్ళకి నేనేం చెప్పుకోను?”

ఓనరు గొంతు సవరించుకున్నాడు. “చూడండి రైటరుగారూ, చుక్కతో సహా అయితే ఆవిడ నాకు అద్దె పెంచి ఇస్తానంటోంది. మీరు కారనివ్వకపోతే పై వాటా కూడా తనకే ఇచ్చేయమంటోంది, తనే కార్పించుకుంటుందట. నాదేం లేదు, మీ ఇష్టం. కారితే ఉండండి, ఆపితే ఖాళీ చేయండి.”

మా ఆవిడ కిటికీ వైపు ఒకసారి చూసి, లోపలికెళ్ళి, స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

కొత్త వాషర్ ఊడదీసి అరిగిపోయినదాన్నే మళ్ళీ బిగించాను. కింద గిన్నెలో మొదటి చుక్క పడగానే చప్పట్లు వినబడ్డాయి.

అందుకే అంటున్నాను, బొటిక్‌లు మనిషికి దొరికిన వరం! పనికొచ్చే వస్తువులు చెవులకి వేలాడుతున్నాయి, పనికిరాని కుళాయి ఒక కుటుంబానికి నీడనిస్తోంది. ఇప్పుడు మా ఇంట్లో పాటించాల్సినవి కొన్నే. చుక్క లయ తప్పుతుంది కాబట్టి షాపు మూసేదాకా స్నానాలు చేయకూడదు. బకెట్ దడాలున పెట్టకూడదు. షాపావిడ గిన్నె పక్కన ఒక చిన్న అట్ట కూడా పెట్టింది: ‘పైన నిజమైన కుటుంబం నివసిస్తోంది.’ అది చదివి కొందరు పైకి చూస్తారట. మేం అనవసరంగా తుమ్మకుండా జాగ్రత్తపడుతున్నాం.

నిన్న సాయంత్రం మా ఆవిడ రెండు వాషర్లూ రెండు చెవులకి పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. “మేకుల మావయ్యగారు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంటున్నారో?” అంది. నాకు తెలియదన్నాను. ఇంకో మాట కూడా అంది. అది విన్నాకే ఈ కాలమ్ రాయడానికి కూర్చున్నాను.

పాఠకులకి మనవి. మీ ఊళ్ళో, మీ వీధిలో, రబ్బరు వాషర్ అడిగితే పేపరు ముక్కలో చుట్టి ఇచ్చే షాపు ఇంకా ఉందా? ఉంటే దయచేసి నాకు తెలియజేయండి. వాషర్లు నాకు అక్కర్లేదు, మా ఆవిడ చెవులకి ఉన్నాయి. ఆ షాపుకి దగ్గర్లో అద్దెకి ఇల్లు ఉందేమో కనుక్కుంటారని అడుగుతున్నాను. కిటికీలోంచి సముద్రం కనబడకపోయినా ఫరవాలేదంటోంది మా ఆవిడ.