కట్టె నల్లా

నాటకాలు చూసి చెడిపోయిన జనం కన్నా, పరిభాష తెలియకుండా నాటకాలు చూసి చెడిపోయిన జనమే ఎక్కువని ప్రభుత్వం ఎనభై ఆరో సంవత్సరంలో గ్రహించింది. గ్రహించిన వారానికే ఆదిలాబాదులో జిల్లా రంగస్థల పరిభాషా కార్యాలయం వెలిసింది. (అంతకుముందు ఆ గదిలో పశువుల మందులుండేవి. మందులు బదిలీ అయ్యాయి, వాసన కాలేదు.) జిల్లాలో ఇకమీదట ఎవరు నాటకం ఆడాలన్నా, అందులో సంఘర్షణ ఎక్కడుందో, స్వగతం ఎంతుందో, ప్రతినాయకుడు ఎవరో, ముగింపు ఏ రకమో ముందుగా రాసిచ్చి, ఒక్కో పదానికి ఒక్కో ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడని భావోద్వేగం రంగం మీద కనిపిస్తే బాధ్యత దర్శకుడిదే.

ఈ సంగతి ఖానాపూర్‌లో సైకిల్ టాక్సీ నడిపే యెషయాకు తెలియదు.

యెషయా పగలు సైకిళ్లు కిరాయికిస్తాడు, క్రిస్మస్‌కు చర్చిలో నాటకాలు ఆడిస్తాడు. ఉండేది ఊరి చివర రాళ్లవాగు బస్తీలో. ఆ బస్తీలో నల్లా లేదు. ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో ఎత్తి పోసుకుంటూ, బిందె నిండేదాకా కూర్చుంటారు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిన యెషయా ఈసారి నాటకం రాశాడు. చివరి రంగంలో రాజవ్వ అనే ఆమెకు నల్లా వచ్చినట్టు కల వస్తుంది. తిప్పుతుంది. నీళ్లు రావు. మెలకువ వచ్చి, ఖాళీ బిందెతో ముందు వరసకేసి తిరిగి అడుగుతుంది: "సార్లూ, మా నల్లా ఏది?"

జిల్లా నాటక పోటీల్లో ముందు వరసలో కూర్చునేది కలెక్టరు. ఆ ఒక్క మాట కోసమే మిగతా నాటకమంతా.

"గా మాట కలెక్టర్ చెవుల పడ్తే సాలు. నల్లా అచ్చినట్టే," అన్నాడు యెషయా.

"పడ్తది తియ్యి," అంది భార్య దెబోరా. "ముందుగాల లేసి బిందె పట్టు. నీ రాజవ్వ వాగుకాడికి నా సోపతి రాదు గద."

పోటీకి పేరివ్వబోతే, ముందు ముద్రలు వేయించుకు రమ్మని అతన్ని ఆదిలాబాదు కార్యాలయానికి పంపారు. అక్కడి పరిభాషాధికారి లక్ష్మీకాంతరావు జన్మలో ఒక్క నాటకం చూడలేదు. ఆయనను ఎంపిక చేసింది అందుకే. (పక్షపాతం ఉండకూడదు.) యెషయా రాతప్రతిని ఆయన చేతులు కడుక్కుని మరీ అందుకున్నాడు.

"నాటకంల సంఘర్షణ ఉన్నదా?"

"ఉన్నది సార్. మా బస్తీకి, నీళ్ల శాఖ ఇంజినీరుకు."

"మరి రెండు పార్టీలు రాజీకి రాకముందే స్టేజి ఎక్కిస్తవా? ముందుగాల రాజీ కాగితం పట్టుకరా. తర్వాత ఎంత కొట్లాడుకున్నా నాకేం లేదు."

"రాజీ అయితే ఇంక నాటకం ఏడుంటది సార్?"

"ప్రశాంతంగ ఉంటది. ప్రతినాయకుడెవరు?"

"గా ఇంజినీరే."

లక్ష్మీకాంతరావు కలం కింద పెట్టాడు. ప్రతినాయకుడు ప్రభుత్వోద్యోగి అయిన పక్షంలో, శాఖాపరమైన విచారణ ముగిసేదాకా అతణ్ణి రంగప్రవేశం చేయించరాదు. విచారణ ఎప్పుడు మొదలవుతుందన్నది నిబంధనల్లో లేదు.

"ఎండను పెట్టు ప్రతినాయకునిగ," అన్నాడు దయగా. "ఎండకు యూనియన్ లేదు."

ఆ తర్వాత జనాంతికం దగ్గర బండి ఆగింది. రాజవ్వ మొగుడి పక్కనే నిలబడి, అతనికి వినబడకుండా జనంతో ఒక మాట చెప్పే చోటు అది.

"పక్కనున్నోనికి ఇనబడదు, ఆఖరి వరసోనికి ఇనబడ్తదా? గిదెట్లయ్యా?"

"నాటకంల గదొక రివాజు సార్."

"రివాజు అంటే నోటిమాట. మొగుని వేషమేసేటోనికి చెవుడున్నట్టు దవాఖానల డాక్టరు రాసియ్యాలె."

మొగుడి వేషగాడు లక్ష్మీరాజం చెవుడు కాగితం తెచ్చాడు. (ఇప్పటికీ అది వాళ్లింటి గోడ మీదే ఉంది. పెళ్లాం ఏ పని చెప్పినా దానివైపు వేలు చూపిస్తాడట.) స్వగతానికి మైకు వాడకూడదన్నారు, వాడితే అది బహిరంగ సభ. మౌనంగా నిలబడే చోట ఆ మౌనం దేన్ని గురించో పక్కన రాయమన్నారు. యెషయా 'నీళ్ల గురించి' అని రాశాడు. మౌనంలో శాఖల పేర్లు ఎత్తరాదని కొట్టేశారు.

చివరికి ముగింపు వచ్చింది.

"విషాదాంతమైతే శాఖకు బద్నాం. సుఖాంతమైతే నల్లా పెట్టాలె, ఖర్చు. అందుకే మా ఆఫీసు మూడోది కనిపెట్టింది. పరిశీలనాంతం." ఆ మాట చెప్పేటప్పుడు లక్ష్మీకాంతరావు ముఖంలో బిడ్డకు పేరు పెట్టిన తండ్రి కనిపించాడు. "తెర పడ్డప్పుడు విషయం పరిశీలనలో ఉంటది."

యెషయా అన్నిటికీ తలూపాడు. ఆ ఒక్క మాట మిగిలితే చాలు.

ఇంటికొచ్చి చెబితే దెబోరా నవ్వింది. "ఇంజినీరు పాయె, కొట్లాట పాయె, మొగడు చెవిటోడాయె. ఇంక మిగిలింది నా బిందెనే. దానికి ఎయ్యలేదా ముద్ర?"

దానికీ వెయ్యాలి. రంగం మీది ప్రతి వస్తువునూ సంబంధిత శాఖ పరీక్షించాలన్నది నిబంధన. కర్రకు పోలీసు, మందు సీసాకు దవాఖాన, కలలో వచ్చే నల్లాకు నీళ్ల శాఖ. ఆ నల్లాను యెషయా నిర్మల్ బొమ్మలవాళ్లతో పొనికి చెక్కలో చెక్కించి, బంగారు రంగు వేయించాడు. ఇత్తడిది కూడా దాని పక్కన వెలవెలబోయేది.

అర్జీలకు కదలని నీళ్ల శాఖ జీపు ఆ కట్టె నల్లా కోసం వారం తిరక్కుండా బస్తీకి వచ్చింది. నాటకంలోంచి తీసేసిన ఇంజినీరు జగన్మోహన్‌రావు స్వయంగా దిగాడు. పక్కింటి శంకరవ్వ, ఎండన పడి వచ్చిన మనిషి గదా అని, చెలిమె నీళ్లు చెంబుతో ఇచ్చింది. ఆయన తాగి, కర్ర దిమ్మెకు బిగించిన నల్లా చుట్టూ తిరిగి చూసి, మూతి తుడుచుకున్నాడు.

"నల్లా మంచిగున్నది. నీళ్లు గూడ తియ్యగున్నయి."

"సార్, గది కట్టెది," అన్నాడు యెషయా.

"కట్టెదా, ఇనుపదా అని మా ఫారంల అడగలే. ఉన్నదా, లేదా అనే అడిగిండ్రు."

"నీళ్లు వాగుల నుంచి తెచ్చినయి నాయినా," అంది శంకరవ్వ.

"ఎక్కడి నుంచి తెచ్చిన్రన్నది గూడ అడగలే అవ్వా."

ఆయన రాశాడు: నల్లా ఒకటి. కొత్తది. లీకేజీ లేదు. నీటి రుచి సంతృప్తికరం.

ఆ కాగితం అందగానే లక్ష్మీకాంతరావు నాటకంలోని ఆఖరి మాటను ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"నల్లా ఉన్నదని సర్కారు రాసిచ్చినంక, ఏది అని అడిగితే అబద్ధమైతది."

"సార్, గా మాట లేకుంటే నాటకమే లేదు. జర సోచాయించుండ్రి. మా ఆడోళ్లు ఇసుకల కూసుంటున్నరు."

"ఇసుకల కూసునే సీను ఉంచిన గదయ్యా! అభ్యంతరమేమన్న చెప్పిన్నా?"

పోటీల రోజు తెర లేచింది. ఎండ ప్రతినాయకుడిగా రాణించింది. చెవిటి మొగుడు చెవిటివాడిగా జీవించాడు. రాజవ్వ వేషం బాలమల్లుది. తెర వెనక యెషయా అతని రెండు భుజాలూ పట్టుకుని, "కొట్టేసినా సరే, అడుగు. ఏమైతే అది నేను చూసుకుంట," అన్నాడు. బాలమల్లు బిందె పట్టుకుని ముందుకు వచ్చాడు. కలెక్టరు కుర్చీలో కలెక్టరే ఉన్నాడు. పక్కన లక్ష్మీకాంతరావు.

"సార్లూ," అన్నాడు, "మా నల్లా ఏది?"

యెషయా తెర సందులోంచి కలెక్టరు ముఖంకేసి చూశాడు.

లక్ష్మీకాంతరావు కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తి, బాలమల్లు వెనక ధగధగలాడుతున్న నల్లాను చూపించాడు.

మొదట నవ్వింది కలెక్టరు. తర్వాత జిల్లా అంతా నవ్వింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. హాస్యరసానికి ప్రత్యేక బహుమతిగా రాళ్లవాగు బస్తీకి ఇత్తడి బిందె ఇచ్చారు. దెబోరా దాన్ని తిప్పి చూసి, పాతదానికన్నా బరువుందని, వాగు దాకా మోయడం కష్టమని చెప్పింది.

వర్షాలు మొదలయ్యే ముందు నీళ్ల శాఖ నుంచి బస్తీ పాత అర్జీలకు జవాబొచ్చింది. సదరు బస్తీలో నల్లా ఉన్నట్టు, లీకేజీ లేనట్టు, నీరు రుచిగా ఉన్నట్టు ధ్రువపడినందున అర్జీలన్నీ ముగించడమైనది.

యెషయా కట్టె నల్లాను చంకలో పెట్టుకుని ఆదిలాబాద్ బస్సెక్కాడు. లక్ష్మీకాంతరావు బల్ల మీద దాన్ని నిలబెట్టాడు.

"గిది కట్టెదని మీకెరుకే గద సార్?"

"ఎరుకే. గని నాటకం చూసేటోడు కట్టెను కట్టె అనుకోవద్దు. అబద్ధమని ఎరుకైనా నమ్మి కూసోవాలె. దానికొక పదమున్నది. అవిశ్వాస విరమణ. మా పరిభాషల ఆఖరిది."

"నాటకం అయిపోయింది గద సార్?"

"అయిపోయిందని ఎవలన్నరు? పరిశీలనాంతమయ్యా అది."

యెషయా నల్లాను మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. తర్వాత, ఈ ఆఖరి పదానికి ముద్ర ఎక్కడ వేయించుకోవాలని అడిగాడు.

అన్ని పదాలకూ ముద్ర కావాలి గానీ ఆ ఒక్కదానికి అక్కర్లేదనీ, బస్తీల్లో పుట్టినవాళ్లకు అది పుట్టుకతోనే మంజూరై ఉంటుందనీ లక్ష్మీకాంతరావు చెప్పాడు.