ఇనుప కుండలో కాచిన రంగు

శనివారం లటై మేనకోడలు వైమోనా పెళ్లి. టోంగా దీవుల్లో మేనత్త మాటకు ఎదురు లేదు, మేనత్తకు బాధ్యత తప్పించుకునే దారీ లేదు. వధూవరుల కాళ్ల కింద పరిచే, చెట్టు బెరడు దంచి చేసిన వస్త్రం లటై ఇవ్వాలి. గురువారం పొద్దున్నే కోకా చెట్టు బెరడు రసం కాచి, వస్త్రానికి ఎర్రగా పూసి, ఎండలో ఆరబెట్టాలని అనుకుంది. కాచడానికి పెద్ద అల్యూమినియం గిన్నె కావాలి. అది పక్కింటి పిసిలా దగ్గరే ఉంది. ఈస్టర్ నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"పోయి అడిగితే నోరేం అరిగిపోదు వదినా," అంది తమ్ముడి భార్య కలోలైనె.

"నోరు అరగదు. పరువు అరుగుతుంది."

బెరడులోని వగరు ఇనుముకు తగిలితే నల్లబడుతుందని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. లటైకి మరీ బాగా తెలుసు. ఒక్క పొంగే కదా అనుకుని పందుల కుడితి కాచే ఇనుప కుండ పొయ్యి మీద పెట్టింది. పూసేటప్పుడు రంగు కాస్త మబ్బుగా ఉంది, అంతే. చర్చి ముందు గడ్డి మీద పరిచి అన్నానికి వెళ్లి వచ్చేసరికి బొగ్గులా ఉంది.

ఆ ఊళ్లో నల్ల వస్త్రం పరిచేది ఊరినేలే దొర పోయినప్పుడే.

గబగబా చుట్టేస్తుంటే ఊరి పెద్ద హలోటి వచ్చాడు. ముసలి దొర వారం నుంచి రాజధానిలో ఆసుపత్రిలో ఉన్నాడు. లటై చెల్లెలు ఆయన వంటింట్లో పనిచేస్తుంది. కబురు ముందు లటైకే వచ్చిందనుకున్నాడు హలోటి.

"మన దొరగారికేనా?"

కాదనాలంటే ఇనుప కుండ గురించి చెప్పాలి. చెబితే పిసిలా చెవిన పడుతుంది. లటై సిగ్గుతో తల దించుకుంది. హలోటి టోపీ తీసేశాడు.

కాసేపట్లో వస్త్రం మళ్లీ పరిచారు, చర్చి గంట మోగింది. ఊరంతా నల్లబట్టలు కట్టింది. ఫోన్ చేసి కనుక్కుందామని ఎవరో అన్నారు.

"ఏమని అడుగుతావు? 'అయ్యా, పోయారా?' అనా?" అన్నాడు హలోటి.

పెళ్లి పంది చావు వంటకు పోయింది. పాస్టరు పెళ్లి వాయిదా వేశాడు. వైమోనా వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఈ పిల్లకు దొరంటే ఎంత ప్రేమో అని అందరూ మెచ్చుకున్నారు. లటైకి ఆ ఏడుపు వినలేక చెవులు మూసుకోవాలనిపించింది.

అప్పుడు పిసిలా తనంతట తనే వచ్చి వాటేసుకుంది.

"ఇలాంటప్పుడు మనకు పంతాలెందుకే? ఆ నలుపు చూశాను. అంత చక్కగా నాకెప్పుడూ కుదరలేదు."

లటైకి భూమి చీలితే బాగుండుననిపించింది.

"దొర పోలేదు పిసిలా. నిన్ను గిన్నె అడగలేక ఇనుప కుండలో కాచాను."

పిసిలా చేతులు జారిపోయాయి. "ఊరంతా ఏడ్చాక చెబుతావా?"

లటై చర్చి వైపు నడిచింది, అందరికీ చెప్పేద్దామని. ఆమె కన్నా ముందు అక్కడికి ఒక కారు వచ్చింది. దొరను ఆ పొద్దునే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారట. పెళ్లి చూద్దామని వచ్చి, కర్ర ఊతంతో దిగాడు. దొరను పొగుడుతూ జనం పాడుతున్న చావు పాట మధ్యలో ఆగిపోయింది.

"ఎవరు పోయారు?" అన్నాడు.

 లటై ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, తల ఎత్తకుండా, పిసిలా వింటుండగానే అంతా చెప్పింది. దొర వస్త్రం చుట్టూ తిరిగి, వంగి వేలితో రుద్ది చూశాడు.

"నలుపు బాగా పట్టింది. ఇది నాకే దాచండి, ఎటూ కావాలి. పెళ్లికి మా ఇంట్లో ఎర్రది ఉంది, తెప్పిస్తాను. శనివారం పెళ్లి శనివారమే కానివ్వండి. పాట ఆపారేం? నా గురించి ఇంత మంచిగా ఎప్పుడూ వినలేదు."

పెళ్లి అనుకున్నట్టే జరిగింది. అప్పటినుంచి చర్చిలో దొర దగ్గినప్పుడల్లా ఊరంతా లటై వైపు చూస్తుంది.